ఫాయిల్ ముందా, క్లియర్ ముందా? (1/25 బెల్ ఎయిర్)

తాడిపత్రి_57: రెవెల్ వాళ్ల ప్లాస్టిక్ మోడల్ కారు కిట్, 1957 షెవర్లే బెల్ ఎయిర్, 1/25 (అసలు కారులో ఇరవై ఐదో వంతు). ఎర్ర లాకర్ రంగు వేసినా, బాగా ఆరింది. కిటికీల చుట్టూ, పక్క పట్టీలకూ బేర్ మెటల్ ఫాయిల్ (క్రోమ్‌లా కనపడే, వెనక జిగురున్న పల్చటి అల్యూమినియం రేకు) పెట్టాల. రంగు మీద వేసే పారదర్శక పూత, అదే క్లియర్ కోటు, దానికి ముందా, తర్వాతా?

గుత్తికోట: ముందు క్లియర్, ఆ తర్వాతే ఫాయిల్. నున్నటి అల్యూమినియం మీద క్లియర్‌కు పట్టుండదు, అంచుల్లో పెచ్చులు లేస్తుంది. క్రోమ్‌లా తళతళలాడాల్సింది వెండి రంగు పూసినట్టు మసకబారుతుంది. పైగా పట్టీలు ఉబ్బెత్తుగా ఉంటాయి. పాలిష్‌కని 3000 నంబరు సన్న గరుకు కాగితం తిప్పితే మొదట చిరిగేది గట్టు మీది ఫాయిలే. క్లియర్ వేసినాక బాడీని మూతున్న డబ్బాలో పెట్టి మర్నాడు వాసన చూడు. థిన్నర్ వాసన వస్తాంటే ఇంకా ఆరలేదని లెక్క.

బురుజు_కింద: నేనొప్పుకోనన్నా. ఫాయిల్ ముందు, దాని మీద పల్చటి క్లియర్. మన కర్నూలు, అనంతపురం ఎండలకు జిగురు మెత్తబడి ఫాయిల్ అంచులు లేస్తాయి. చేత్తో పట్టుకున్నప్పుడల్లా గోరు తగుల్తుంది. పైన క్లియర్ ఉంటే అంచు మూసుకుంటుంది. ఇంకోటి, క్లియర్ మీద పెట్టి కోస్తే బ్లేడు గీత క్లియర్‌లోకి దిగుతుంది.

గుత్తికోట: గీత దిగిందంటే బ్లేడు మొద్దుబారిందని. 11 నంబరు కొత్త బ్లేడు తీసుకో, బరువు పెట్టకుండా పట్టీ పక్క గాడి వెంబడి లాగు. ఫాయిల్ ఒక్కటే తెగుతుంది.

కడప_రాయి: కొత్త బ్లేడుకైనా మొన విరుగుతుంది. కారు ఒక్కో పక్కకు ఒక బ్లేడు మార్చండి.

గుత్తికోట: అయినా నీ పద్ధతిలో గీత నేరుగా రంగులోనే పడుతుంది కదప్పా?

బురుజు_కింద: పడితే పడనీ. పైన వచ్చే క్లియర్ దాన్ని నింపుతుంది.

నంద్యాల_బ్రష్: వంటింటి ఫాయిల్‌కు జిగురు పూసి వాడొచ్చు గానీ అది మందం. సన్న గీతల్లోకి దిగదు.

గుత్తికోట: ఇప్పుడే కదా పల్చటి క్లియర్ అన్యావు? పల్చటిదైతే గీతను ఎట్ల నింపుతుంది? పోయినసారి డెకాల్ (మోడల్ మీద అంటించే బొమ్మల) చర్చలో గూడా ఇంతే, అడిగినదానికి జవాబియ్యకుండా మాట మార్చినావు.

బురుజు_కింద: మాట మార్చేది మీరు! మీరు పెట్టే ఫోటోల్లో తలుపు గీతలు యాడున్నాయో వెతుక్కోవాల. 2కె క్లియర్ (హార్డెనర్ కలిపి గట్టిపరిచే రకం) అంత మందంగా కొడితే 1/25 లో అది పాకం పట్టిన అరిసె, కారు కాదు.

గుత్తికోట: అట్ల చెప్పు, ఇప్పుడు బయటపడింది. నీకు ఫాయిల్‌తో పేచీ లేదు, నా క్లియర్ మందంతో. రుద్ది పాలిష్ చేయాలంటే మందం ఉండాల్సిందే. చేయకుంటే ట్యూబ్‌లైటు నీడ బానెట్ మీద అలలు అలలుగా కనపడుతుంది.

బురుజు_కింద: అవును, నా పేచీ దాంతోనే. రుద్దే పనే రాకుండా కొట్టాలంటాను. ఒక పాలు లాకర్ క్లియర్‌కు రెండు పాళ్లు లెవెలింగ్ థిన్నర్, ఎయిర్‌బ్రష్‌కు (రంగు చిమ్మే చిన్న గన్నుకు) 0.3 నాజిల్, గాలి ఒత్తిడి 15 నుంచి 18 పీఎస్‌ఐ, మూడు పల్చటి పూతలు. ఆ థిన్నర్‌లో రిటార్డర్ ఉంటుంది, పూత తొందరగా ఆరకుండా సర్దుకుంటుంది. ఎండాకాలం తెల్లారుజామునే కొట్టాల. మధ్యాహ్నం కొడితే తుంపర గాల్లోనే ఆరి పొడిలా పడుతుంది. ఇట్ల కొడితే ఫాయిల్ మీద కాగితం తిప్పే పనేముంది, చిరిగే భయమేముంది?

గుత్తికోట: చిరిగే భయం లేదు సరే. మసక సంగతో?

బురుజు_కింద: కొంచెం తగ్గుతుంది. అంచు లేవడం కన్నా అది నయం.

గుత్తికోట: నేనొప్పుకోను. ఫాయిల్ పెట్టేదే ఆ మెరుపు కోసం.

పెన్నా_గట్టు: 2కె వాడేవాళ్లకు ఒక మాట. హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. గుడ్డ మాస్కు కట్టుకొని ఇంట్లో కొట్టొద్దు, ఊపిరితిత్తులు పాడైతాయి.

తాడిపత్రి_57: నాకు ఎయిర్‌బ్రష్ లేదు. టామియా టీఎస్-13 క్లియర్ స్ప్రే డబ్బా ఉంది, అంతే.

గుత్తికోట: ముందే చెప్పకూడదా? దాని ద్రావకం ఘాటు. తడిగా పడితే అంచు కింద జిగురును తాకి ఫాయిల్ ముడతలు పడొచ్చు. క్లియర్ ముందు, ఫాయిల్ తర్వాతే.

బురుజు_కింద: డబ్బాతోనైతే నేనూ అదే చెప్తా. ఎయిర్‌బ్రష్ కొన్నాక మళ్లీ మాట్లాడదాం.

కడప_రాయి: ఇంకోసారి కిట్ కట్టేటప్పుడు కారు మీది ఉబ్బెత్తు పేరు అక్షరాలకు రంగు కంటే ముందే ఫాయిల్ పెట్టు. రంగేసినాక, థిన్నర్ కొద్దిగా తడిపిన గుడ్డతో అక్షరాల మీద మెల్లగా తుడిస్తే అక్కడ మాత్రమే లోహం బయటికొస్తుంది.

తాడిపత్రి_57: సరే. వెనక రెక్క మీద గీతల పలక ఉంది కదా, దానికి?

గుత్తికోట: పలక కంటే కొంచెం పెద్దదిగా ఒకటే ముక్క కోసుకో. మధ్యలోంచి బయటికి కాటన్ బడ్‌తో అణుచు, ఆనక మొద్దు చేసిన పుల్లతో ఒక్కో గీత వెంబడీ పో. అడ్డంగా రుద్దితే చిరుగుతుంది. మిగిలిన జిగురుంటే లైటర్ పెట్రోలు అంటించిన బడ్‌తో తుడువు. ముందు కారు అడుగున ఒక చుక్క పెట్టి చూసుకో.