పబ్లిక్ లైబ్రరీ తలుపులకు యాక్సెస్ కంట్రోల్: వెండర్ చెప్పినట్టు చేయవచ్చా?

రికార్డ్‌రూమ్ అడిగిన ప్రశ్న

నమస్కారం అండీ. ఒక పబ్లిక్ లైబ్రరీలో బిల్డింగ్ నిర్వహణ నేను చూస్తాను. రెండంతస్తుల పాత కట్టడం. ఇప్పటిదాకా అన్నీ తాళాలే. ఒక గుత్తి ఎప్పుడో పోయింది, ఏ తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరూ చెప్పలేరు. ఇప్పుడు కార్డు సిస్టమ్‌కు డబ్బు మంజూరైంది. వచ్చిన వెండర్ అరగంట తిరిగి చూసి, అన్ని తలుపులకూ మ్యాగ్నెటిక్ లాకు (కరెంటు ఉన్నంతసేపే అయస్కాంతంతో తలుపును పట్టి ఉంచేది), లోపలా బయటా వేలిముద్ర రీడర్లు అని కొటేషన్ చేతిలో పెట్టాడు.

నాకు రెండు తలుపులతో టెన్షన్. ముందు తలుపు చివరి రెండంగుళాలు తనంతట మూసుకోదు, చేత్తో తోయాలి. వెనక మెట్ల దగ్గరిది ఫైర్ డోర్. అది దభాలున పడుతోందని స్టాఫ్ కింద చెక్కముక్క దోపి ఎప్పుడూ తెరిచే ఉంచుతారు. తలుపులు మార్చాలా, వీటికే లాకులు బిగించవచ్చా?

గడియమేస్త్రి

ఆ కొటేషన్ సొరుగులో పెట్టి ముందు తలుపు దగ్గరికి వెళ్ళండి సార్. తలుపు సగం తెరిచి, హ్యాండిల్ పట్టుకుని పైకి ఎత్తి చూడండి. కదిలిందంటే పై బందు స్క్రూలు వదులయ్యాయి, రెక్క కిందికి జారింది. ఎత్తినా కదలకపోతే డోర్ క్లోజర్, అంటే తలుపును తనంతట మూసే పరికరం చూడండి. చాలా క్లోజర్లకు పక్కన రెండు స్క్రూలుంటాయి. ఒకటి తలుపు మొత్తం వేగానికి, రెండోది చివర్లో గడియ పడే ఆ కాస్త దూరానికి. రెండోదాన్ని పావు చుట్టు వదులు చేసి చూడండి. పూర్తిగా విప్పారంటే నూనె కారిపోతుంది. ఇప్పటికే దాని ఒంటిమీద నూనె చార ఉంటే రిపేరు ఆలోచన మానేసి కొత్తది వేయించండి, రెక్క వెడల్పుకు సరిపడే సైజు అడిగి మరీ. తనంతట మూసుకోని తలుపుకు ఎంత ఖరీదైన రీడర్ పెట్టినా అది గోడకు అలంకారమే.

వెనక తలుపు దభాలున పడటం కూడా చాలావరకు ఆ స్క్రూల సంగతే. చెక్కముక్క మాత్రం ఈరోజే తీయించండి. మంట లేచినప్పుడు పొగ మెట్ల దారిలోకి రాకుండా ఆపడానికే ఆ తలుపు. పగలు తెరిచి ఉంచాల్సిందే అంటే గోడకు పట్టి ఉంచే మ్యాగ్నెట్లు దొరుకుతాయి, ఫైర్ అలారం మోగినా కరెంటు పోయినా తలుపును వదిలేస్తాయి. ఇంకో మాట, ఫైర్ డోర్‌కు ఎవరినీ ఇష్టమొచ్చినట్టు రంధ్రాలు వేయనివ్వకండి. దాని సర్టిఫికెట్‌లో ఏ హార్డ్‌వేర్‌కు అనుమతి ఉందో అదే బిగించాలి.

ఇక వెండర్ మాట. బయటికి వెళ్ళడానికి వేలు పెట్టాల్సిన తలుపు జనం వచ్చే బిల్డింగ్‌లో ఉండకూడదు, ఆ లోపలి రీడర్లు కొట్టేయండి. బయటి తలుపులకు లోపల నుంచి ఒంటితో నెడితే తెరుచుకునే పానిక్ బార్ పెట్టించండి. అది పూర్తిగా మెకానికల్, కరెంటుతో పని లేదు. రికార్డ్ రూమ్‌కూ సర్వర్ గదికీ ఎలక్ట్రిక్ స్ట్రైక్ చాలు, అంటే ద్వారబంధంలో గడియ పడే చోట బిగించి కరెంటుతో గడియను వదిలించే పట్టీ. కరెంటు పోయినా బయటివైపు లాకులోనే ఉండే రకం తీసుకోండి, లోపలివాళ్ళు హ్యాండిల్ తిప్పి వచ్చేస్తారు.

ఎక్కడైనా మ్యాగ్నెటిక్ లాకు తప్పదంటే, బిగించేటప్పుడు పక్కనే నిలబడండి. తలుపు మీది ఇనుప ప్లేటు కొంచెం ఊగాలి, రబ్బరు వాషర్ ఇచ్చేది అందుకే. కుర్రాళ్ళు గట్టిగా ఉండాలని బోల్టు మరీ బిగించేస్తారు. అప్పుడు ప్లేటు మ్యాగ్నెట్‌కు సమంగా ఆనదు, 280 కిలోలు పట్టాల్సిన లాకు భుజంతో ఒక్కటిస్తే ఊడొస్తుంది. ఫైర్ అలారం రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) ఆ లాకు పవర్‌ను నేరుగా కత్తిరించాలి. ‘సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది సార్’ అంటే ఒప్పుకోకండి.

వైరుచుట్ట

మేస్త్రి గారు తలుపు చెప్పారు, నేను కార్డు చెబుతాను. 125 కిలోహెర్ట్జ్ మామూలు కార్డులకు వద్దనండి, చిన్న కాపీ మెషీన్ ఉంటే క్షణాల్లో నకలు తయారు. మైఫేర్ క్లాసిక్ అనే రకం కార్డు రక్షణ కూడా 2008లోనే బద్దలైంది. డెస్‌ఫైర్ లాంటి గట్టి రక్షణ ఉన్న కార్డులు అడగండి. రీడర్‌కూ కంట్రోలర్‌కూ (కార్డు చెల్లుతుందో లేదో తేల్చి తలుపు తెరిపించే పరికరం) మధ్య సమాచారం పంపడానికి పాత వీగాండ్ పద్ధతి కాకుండా ఓఎస్‌డీపీ పద్ధతి అడగండి, అదీ సమాచారాన్ని రహస్యంగా ఉంచే సెక్యూర్ ఛానల్ ఆన్ చేసి. అన్నిటికంటే ముఖ్యం, లాకును తిప్పే రిలే బయట గోడ మీది రీడర్‌లో ఉండకూడదు. దాన్ని పీకి రెండు వైర్లు కలిపితే తలుపు తెరుచుకుంటుంది. కంట్రోలర్ లోపల, తాళం వేసిన పెట్టెలో ఉండాలి.

చక్రాలకుర్చీ

నేను వీల్‌చెయిర్‌లో లైబ్రరీలకు వెళ్ళే మనిషిని. రీడర్ నేల నుంచి 120 సెంటీమీటర్ల లోపు పెట్టించండి. క్లోజర్ మార్చాక మీరే కూర్చుని తలుపు నెట్టి చూడండి, గట్టిదైతే నాలాంటివాళ్ళకు గోడతో సమానం. కార్డు చూపాక తలుపు తెరిచి ఉండే సమయం కూడా పెంచండి. మామూలుగా పెట్టే ఐదు సెకన్లలో నేను గుమ్మం దాటలేను.

రికార్డ్‌రూమ్

అందరికీ ధన్యవాదాలు. ఎత్తి చూశాను, పై బందు నిజంగానే ఊగుతోంది. చెక్కముక్క తీయించాను, స్టాఫ్ ముఖాలు మాడ్చుకున్నారు. బ్యాటరీ బ్యాకప్ ఉంది కాబట్టి మ్యాగ్నెటిక్ లాకుకు ఇబ్బంది లేదని వెండర్ ఇంకా పట్టుబడుతున్నాడు. నిజమేనా?

గడియమేస్త్రి

లెక్క మీరే వేయండి. 12 వోల్టుల మీద ఆ లాకు సుమారు అర ఆంపియర్ తాగుతూనే ఉంటుంది. 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ కాగితం మీద 14 గంటలు రావాలి. కంట్రోలర్, రీడర్ కూడా దాని మీదే బతుకుతాయి, పైగా పాతబడిన బ్యాటరీ సగం కూడా ఇవ్వదు. సెలవు రోజుల్లో కరెంటు పోయి బ్యాటరీ పడుకుందంటే లైబ్రరీ తలుపులు బార్లా తెరిచినట్టే. నేను చెప్పిన రకం స్ట్రైక్ తెరిచే క్షణంలోనే కరెంటు తీసుకుంటుంది, పోయినా లాకు అలాగే ఉంటుంది. ఇది వెండర్‌కు తెలియక కాదు, మ్యాగ్నెటిక్ లాకైతే స్ట్రైక్‌కు లాగా ద్వారబంధం కోయాల్సిన పని ఉండదు. ముందు పై బందుకు పొడవు స్క్రూలు వేయించండి, తర్వాత కొత్త కొటేషన్ అడగండి.