యుద్ధఖైదీల చిత్రహింస: మతసంస్థల ఖండనలతో ఏమైనా ఒరిగిందా?

ప్రశ్న (వ్యాసపీఠం):
ఇరాక్‌లోని అబూ గ్రైబ్ జైల్లో అమెరికా సైనికులు ఖైదీలను హింసించిన ఫొటోలు 2004 ఏప్రిల్‌లో బయటపడ్డాక అమెరికాలో చర్చిలు, యూదు, ముస్లిం సంఘాలు గట్టిగా ఖండించాయి కదా. అంతటితో చేతులు దులుపుకున్నాయా, చట్టం దాకా వెళ్ళాయా? అసలు ఏ గ్రంథాల ఆధారంతో మాట్లాడవచ్చు?

జవాబు 1 (నాలుగో_స్తంభం):
చట్టం దాకా వెళ్ళాయండి, కాకపోతే ఏళ్ళు పట్టింది. 2006 జనవరిలో ప్రిన్స్‌టన్ థియలాజికల్ సెమినరీలో జరిగిన సమావేశం నుంచి, చిత్రహింసకు వ్యతిరేకంగా అన్ని మతాలవాళ్ళూ కలిసిన జాతీయ వేదిక పుట్టింది. 2008 జూన్‌లో ఆ వేదికా, మరికొన్ని సంస్థలూ కలిసి ఒక సూత్రాల పత్రం విడుదల చేశాయి. మన సైనికులు పట్టుబడితే వాళ్ళమీద ఏ పద్ధతి వాడకూడదనుకుంటామో అది మనమూ వాడొద్దు, అన్ని ఏజెన్సీలకూ ఒకటే నియమావళి ఉండాలి అన్నవి అందులో ముఖ్యం. 2009 జనవరి 22న ఒబామా ఇచ్చిన ఉత్తర్వులో ఈ రెండో కోరిక నెరవేరింది. విచారణలో గూఢచారి సంస్థ సీఐఏ కూడా ఆర్మీ ఫీల్డ్ మాన్యువల్‌కే (సైన్యం విచారణ పద్ధతుల నియమావళికే) కట్టుబడాలి, రహస్య జైళ్ళు మూసేయాలి, రెడ్‌క్రాస్‌ను ఖైదీల దగ్గరికి రానివ్వాలి అన్నది ఆ ఉత్తర్వు సారం. ఇదంతా మతసంఘాల ఘనతే అనను. పైగా ఉత్తర్వును తర్వాతి అధ్యక్షుడు ఒక్క సంతకంతో తీసేయొచ్చు. అందుకే చట్టం కావాల్సొచ్చింది. 2015 జూన్‌లో సెనేట్ 78–21తో ఆమోదించిన సవరణ, అంటే విచారణలన్నిటికీ ఆ మాన్యువల్‌నే తప్పనిసరి చేసినది, ఆ ఏడాదే చట్టంలోకి చేరింది.

జవాబు 2 (పాతగ్రంథాలు):
ఆధారాలకు కొదవ లేదు. మనుస్మృతి ఏడో అధ్యాయం 91–93 శ్లోకాలు చేతులు జోడించినవాణ్ణి, ‘నేను నీవాణ్ణి’ అన్నవాణ్ణి, ఆయుధం లేనివాణ్ణి చంపకూడదంటాయి. ఖురాన్ 76:8 పేదకూ, అనాథకూ, బందీకీ అన్నం పెట్టడాన్ని ఒకే వరసలో చెబుతుంది. బైబిల్లో రెండో రాజుల గ్రంథం ఆరో అధ్యాయంలో, పట్టుబడ్డ సైనికులను చంపనా అని రాజు అడిగితే, భోజనం పెట్టి వాళ్ళ యజమాని దగ్గరికి పంపమంటాడు ప్రవక్త ఎలీషా.
అయితే ఎదుటివాడు దీనికి విరుద్ధమైన వాక్యం తీయడానికి క్షణం పట్టదు. క్రైస్తవంలోనే 1252లో పోప్ ఇన్నోసెంట్ 4 మతద్రోహ విచారణల్లో చిత్రహింసకు అనుమతిచ్చారు. కాథలిక్ ధర్మోపదేశం (ఆ చర్చి అధికారిక బోధనల గ్రంథం) 2298వ పేరా ఆ గతాన్ని ఒప్పుకుంది కాబట్టే 2313లో బందీలను మానవీయంగా చూడాలన్న మాటకు బలం వచ్చింది. తమ చరిత్రను దాచే ప్రకటన మొదటి ప్రశ్నకే కూలిపోతుంది.

జవాబు 3 (లెక్కలమనిషి):
పై స్థాయి తీర్మానం కిందికి దిగదు, అదీ అసలు సమస్య. అమెరికాలో ఎవాంజెలికల్స్ (బైబిల్‌నే ప్రమాణంగా పట్టుకునే ప్రొటెస్టెంట్ క్రైస్తవులు) జాతీయ సంఘం 2007 మార్చిలో చిత్రహింస వ్యతిరేక ప్రకటనను బలపరిచింది. రెండేళ్ళకు, 2009 ఏప్రిల్‌లో ప్యూ అనే పరిశోధన సంస్థ చేసిన సర్వేలో, అనుమానిత ఉగ్రవాదులపై చిత్రహింస ‘తరచుగా’ లేదా ‘కొన్నిసార్లు’ సమర్థనీయమే అన్నవాళ్ళు శ్వేతజాతి ఎవాంజెలికల్స్‌లో 62 శాతం. వారం వారం ప్రార్థనకు వెళ్ళేవాళ్ళలో 54, అరుదుగా వెళ్ళేవాళ్ళలో, అసలు వెళ్ళనివాళ్ళలో 42. చర్చిలో ప్రసంగవేదికమీద నుంచి చదవని తీర్మానం ఫైల్లోనే ఉండిపోతుంది మరి.

జవాబు 4 (నాలుగో_స్తంభం):
@లెక్కలమనిషి గారూ, నిజమే. ఇంకో లొసుగు కూడా ఉంది. 2002 ఫిబ్రవరి 7న బుష్ ప్రభుత్వం అల్‌ఖైదా, తాలిబాన్ బందీలకు యుద్ధఖైదీ హోదా లేదని తేల్చింది. కాబట్టి ప్రకటనలో ‘యుద్ధఖైదీలను హింసించొద్దు’ అని మాత్రమే రాస్తే, అలాంటి బందీలను ఉంచిన క్యూబాలోని అమెరికా జైలు గ్వాంటనామోలో ఉన్నవాడికి అది వర్తించదు. ‘మన అదుపులో ఉన్న ఎవరినైనా’ అని రాయాలి. తర్వాత, దయగా చూడండి అని వదిలేయకుండా చేష్టలను పేరుపెట్టి నిషేధించాలి: నీళ్ళతో ఊపిరాడనివ్వకపోవడం, ముసుగు వేయడం, కుక్కలను ఉసిగొల్పడం, బట్టలు విప్పించడం, ఉత్తుత్తి ఉరి, తిండీ మందులూ ఆపడం. 2006 సెప్టెంబర్ నాటి ఆర్మీ ఫీల్డ్ మాన్యువల్ వీటిని విడివిడిగా నిషేధించింది. అదే మాన్యువల్ అనుబంధం ‘ఎం’ మాత్రం యుద్ధఖైదీ హోదా లేనివాళ్ళను ఒంటరిగా ఉంచడానికి వీలిచ్చి, రోజుకు నాలుగు గంటల ఏకధాటి నిద్ర ఉంటే చాలంది. అనుబంధాలు చదవకుండా ఏ మాన్యువల్‌నీ మెచ్చుకోవద్దు.