పుట్టగానే బిడ్డ ఏడవకపోతే చెయ్యి సక్షన్ (నోరు, ముక్కులోది లాగే ట్యూబ్) మీదికే పోతా ఉంది. మీకూ అంతేనా?

నైట్‌డ్యూటీ_పాప: ప్రకాశం జిల్లా పడమటి వైపు చేస్తున్నా. లేబర్ రూమ్‌కి వచ్చి ఏడు నెలలు. మొన్న రాత్రి ఉమ్మనీరు పచ్చగా ఉంది, బిడ్డ ఏడవలేదు, మెత్తగా పడి ఉన్నాడు. నేను సక్షన్ ట్యూబ్ అందుకుని లాగుతూనే ఉన్నా. సీనియర్ అక్క నా చేతిలోది గుంజి అంబూ (మాస్క్ పెట్టి చేత్తో పిండి ఊపిరి అందించే సంచి) పెట్టింది. నాలుగైదు సార్లు పిండగానే ఏడ్చాడు. బిడ్డ బాగున్నాడు, నాకే నిద్ర రావట్లా. మాకు గొంతు శుభ్రం చేయడమే ముందని నేర్పారు. మీరెట్టా చేస్తున్నారు?

కావలి_అక్క: చెల్లీ, మేం చదివిందీ అదే. మెకోనియం (ఉమ్మనీటిని పచ్చగా చేసే బిడ్డ మొదటి మలం) ఉండి బిడ్డ మెత్తగా ఉంటే గొంతులో ట్యూబ్ వేసి లాగేవాళ్లు. 2015లో ఆ పద్ధతి మారింది, ఇప్పుడు అందరికీ అట్టా చేయక్కర్లా. తుడువు, వీపు రుద్దు, తల సరిచెయ్యి. అప్పటికీ ఊపిరి రాకపోతే పుట్టిన నిమిషంలోపే అంబూ మొదలవ్వాల. నోట్లో అడ్డం ఉందనిపిస్తేనే సక్షన్. అదీ ముందు నోరు, తర్వాత ముక్కు. ముక్కులో పెట్టగానే బిడ్డ ఒక్కసారిగా గాలి పీలుస్తాడు, నోట్లోదంతా లోపలికి పోతుంది. నోట్లో 5 సెంటీమీటర్లు, ముక్కులో 3 దాటనీయొద్దు. లోతుకి పోతే గుండె వేగం పడిపోతుంది.

ఉదయగిరి_సిస్టర్: చెప్పినంత తేలికా అక్కా? నేను అంబూ పిండితే ఒక్కోసారి ఛాతీ లేవనే లేవదు. ఆ క్షణంలో మన ప్రాణం పోతుంది.

కావలి_అక్క: నూటికి తొంభై సార్లు మాస్కూ మెడా సరిగ్గా లేకపోవడమే కారణం (నా లెక్కలే). మాస్క్ గడ్డం కొస, నోరు, ముక్కు కప్పాల, కళ్ల మీదికి ఎక్కకూడదు. భుజాల కింద గుడ్డ అంగుళం మందం చాలు. నేనొకసారి తువ్వాలు మొత్తం మడిచి పెట్టా. తల వెనక్కి వాలిపోయి గొంతు మూసుకుంది. రెండు మడతలు తీసేసరికి ఛాతీ లేచింది. "పిండు, రెండు, మూడు" అనుకుంటూ చెయ్యి, నిమిషానికి 40 నుంచి 60 వస్తాయి. నెలలు నిండిన బిడ్డకు మొదట గది గాలే, ఆక్సిజన్ సిలిండర్ కోసం పరిగెత్తొద్దు. కరెంటు పోయినా అంబూ ఆగదు.

కనిగిరి_పిల్లలవార్డు: ఇంకోటి కలుపుతా. మా వార్డుకి పుసులు కట్టిన కళ్లతో పిల్లలొస్తారు. అడిగితే కాటుక పెట్టామనో, ఆముదం చుక్క వేశామనో అంటారు. నాయనమ్మలతో వాదించి గెలవలేం గానీ, కాచి చల్లార్చిన నీళ్లలో దూది ముంచి ముక్కు వైపు నుంచి బయటికి తుడవడం చేసి చూపిస్తే వింటున్నారు. ఒక తుడుపుకి ఒక దూది, రెండో కంటికి వేరే దూది. కన్ను ఎర్రబడినా, వాచినా, చీము కారినా డాక్టరుకి చూపించాల్సిందే.

ఉదయగిరి_సిస్టర్: అక్కా, అంబూ పనిచేస్తుందో లేదో ముందే ఎట్టా తెలుస్తుంది?

కావలి_అక్క: డ్యూటీ ఎక్కగానే మాస్క్‌కి అరచెయ్యి అడ్డం పెట్టి పిండు. చేతికి గాలి తగలాల, గట్టిగా పిండితే వాల్వ్ చప్పుడు రావాల. వదలగానే సంచి మళ్లీ ఉబ్బాల.

నైట్‌డ్యూటీ_పాప: ఇప్పుడే చూసొచ్చా అక్కా. అంబూ బాగానే ఉంది, నెల తక్కువ పిల్లలకి వేసే 0 సైజు మాస్కే లేదు. ఇండెంట్ (కావాలని అడిగే చీటీ) రాసి సంతకానికి పెట్టా.