కుంకుడు నీళ్ళకు తొట్టిలో చేపలన్నీ చచ్చిపోయాయి, ఎందుకు?

మిద్దెతోట_ఉప్పల్:
అందరికీ నమస్కారం. మా మిద్దె మీద మందారాలకు పిండినల్లి విపరీతంగా పట్టింది. మందులు కొట్టడం ఇష్టం లేక మా అత్తగారు కుంకుళ్ళు నానబెట్టి, పిసికి, వడకట్టి చెట్లు తడిసేలా కొట్టారు. పురుగు చాలావరకు పోయింది. కానీ ఆ కొమ్మల కిందే మా తామర తొట్టి ఉంది, దోమ పిల్లల కోసం అందులో గప్పీలను వదిలాం. నురుగంతా కారి అందులో పడింది. బకెట్ అడుగున మిగిలినదాన్ని కూడా పారబోయడమెందుకని ఆవిడ తొట్టిలోనే పోశారు. సాయంత్రానికి చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరుచుకుని గాలి మింగుతున్నాయి. తెల్లారేసరికి ఒక్కటీ మిగల్లేదు. వారం వారం మనం నెత్తికి రుద్దుకునే రసమే కదా ఇది, చేపలకు విషం ఎలా అయింది?

భీమవరం_బాబు:
అక్కా, మా వైపు చెరువుల్లో ఇది కావాలనే చేస్తారు. నేనిప్పుడు కూకట్‌పల్లిలో ఉద్యోగం చేసుకుంటున్నా, పెరిగింది మాత్రం చెరువు గట్ల మీదే. రొయ్యల చెరువులో పనికిరాని చేపలు చేరితే టీ సీడ్ వేస్తాం. తేయాకు జాతి గింజల్లోంచి నూనె తీశాక మిగిలే చెక్క అది. రాత్రి నానబెట్టి పొద్దున్నే చెరువంతా చల్లితే చేపలు తేలిపోతాయి, రొయ్యలకు ఆ మోతాదు ఆనదు. చేపల చెరువైతే పిల్ల వేయకముందు ఇప్పచెక్క వేస్తారు, హెక్టారుకు 2,500 కిలోల లెక్కన. మూడు వారాలు ఆగితే విషం విరిగిపోతుంది, ఆ చెక్కే మళ్ళీ ఎరువవుతుంది. రెండింటిలోనూ పనిచేసేది సపోనిన్ అనే నురుగు పదార్థమే. మీ కుంకుడులోనూ అదే.

హబ్సిగూడ_మాస్టారు:
కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి, కాస్త వివరంగా రాస్తాను. సపోనిన్ అణువుకు ఒక వైపు కొవ్వుతో కలిసే భాగం, ఇంకో వైపు నీళ్ళతో కలిసే చక్కెరల గొలుసు ఉంటాయి. నురుగు రావడానికీ, జిడ్డు వదలడానికీ కారణం అదే. జీవకణం చుట్టూ ఉండే పలచని పొరలో కొలెస్ట్రాల్ ఉంటుంది. సపోనిన్ దానికి అతుక్కుని పొరకు చిల్లులు పెడుతుంది. గాజు గొట్టంలో రెండు చుక్కల రక్తానికి సపోనిన్ ద్రావణం కలిపి చూడండి. చిక్కగా, మసగ్గా ఉన్న ఎరుపు కాసేపట్లో అవతలి అక్షరాలు కనిపించేంత తేటగా మారిపోతుంది. ఎర్ర కణాలు పగిలి హిమోగ్లోబిన్ బయటికి వచ్చేసిందన్నమాట.

చేప మొప్పల్లో నీటికీ రక్తానికీ మధ్య ఉండేది అతి పలచని పొర. అది దెబ్బతింటే ఊపిరాడదు. మీ గప్పీలు పైకి వచ్చి నోళ్ళు తెరిచింది అందుకే. మన నెత్తి మీద చర్మానికి పైన మృత కణాల పొర ఉంది, కాబట్టి ఏమీ కాదు. తిన్నా పేగుల్లోంచి రక్తంలోకి వెళ్ళేది చాలా తక్కువ. అసలు మొక్క దీన్ని తయారు చేసుకునేది మన తలంట్ల కోసం కాదు, బూజులనూ పురుగులనూ దగ్గరికి రానివ్వకుండా. ఓట్స్ మొక్క వేళ్ళలో అవెనాసిన్ అనే సపోనిన్ ఉంటుంది, వేరుకుళ్ళు తెచ్చే ఒక శిలీంద్రాన్ని అడ్డుకునేది అదే.

నిజాంపేట్_బోరునీళ్ళు:
మాస్టారూ, ఒక సందేహం. మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్ళకు సబ్బు నురగదు సరికదా, బకెట్ అంచుకు తెల్లటి తెట్టు కడుతుంది. కుంకుడు మాత్రం శుభ్రంగా నురుగొస్తోంది. ఎందుకని?

హబ్సిగూడ_మాస్టారు:
సబ్బు కొవ్వు ఆమ్లాల ఉప్పు. బోరు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియంతో కలిసి కరగని తెట్టు అవుతుంది. సపోనిన్ సబ్బులాంటి ఉప్పు కాదు కాబట్టి ఆ గొడవ లేదు. పైగా సబ్బు నీళ్ళు క్షారం, కుంకుడు రసం కొంచెం ఆమ్లం వైపు ఉంటుంది. పట్టుచీరలకు మన అమ్మమ్మలు కుంకుడే వాడింది ఊరికే కాదు.

అత్తాపూర్_అమ్మాయి:
కళ్ళలో పడితే చిన్నప్పుడు పెట్టిన కేకలు గుర్తున్నాయా ఎవరికైనా? కంటి మీద ఆ మృత కణాల పొర లేదు మరి. పిల్లలకు తలంటేటప్పుడు జాగ్రత్త. పడితే వెంటనే ధారగా మంచినీళ్ళతో కడగాలి, ఎరుపూ నొప్పీ తగ్గకపోతే కంటి డాక్టరుకు చూపించాలి. కొనేవాళ్ళకు ఇంకో మాట. బేగంబజార్‌లో గింజ తీసిన కుంకుళ్ళు అడగండి. గింజ బరువుకు డబ్బులు పెట్టడం దండగ, రసం వచ్చేది పైతొక్కలోంచే.

కుక్కర్_కష్టాలు:
ఇక్కడే అడిగేస్తా. కందిపప్పు ఉడికేటప్పుడు వచ్చే నురుగు సపోనినే, విషం, తీసి పారేయాలి అని వాట్సాప్‌లో ఒకటే ఊదరగొడుతున్నారు. మా అత్తయ్య ఆ వీడియో చూసినప్పటి నుంచి కుక్కర్ పక్కన పెట్టి గిన్నెలో ఉడికిస్తూ గరిటెతో నురుగు తోడుతున్నారు. ఆఫీసుకు రోజూ లేటు, టెన్షన్ నాకు.

డైట్_డైరీ:
ఆ నురుగులో సపోనిన్ కొంత ఉంటుంది, కానీ ఎక్కువ భాగం పప్పులోని ప్రొటీన్, పిండి పదార్థమే. శనగల్లో, సోయాలో సపోనిన్లు ఇంకా ఎక్కువ, అయినా తరతరాలుగా తింటూనే ఉన్నాం. పప్పు రెండు మూడుసార్లు కడిగి, అరగంట నానబెట్టి ఆ నీళ్ళు పారబోస్తే కొంత పోతుంది. చుక్క నూనె వేస్తే నురుగు అణుగుతుంది, విజిల్ మూసుకుపోదు. కుక్కర్ మళ్ళీ బయటికి తీయించండి.

పైగా పేగుల్లో సపోనిన్లు కొలెస్ట్రాల్‌తోనూ పైత్యరసంతోనూ జతకట్టి, వాటిని ఒంట్లోకి పోనివ్వకుండా కొంత బయటికి పంపిస్తాయి. మెంతులు కొలెస్ట్రాల్ తగ్గిస్తాయన్న పేరు కొంత అందుకే. తార్నాకలో మన జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు టైప్-1 షుగర్ ఉన్నవాళ్ళకు కొవ్వు తీసిన మెంతి పొడి ఇచ్చి చూశారు. 1990లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. షుగరూ తగ్గింది, కొలెస్ట్రాలూ తగ్గింది. అయితే వాళ్ళు ఇచ్చింది రోజుకు 100 గ్రాములు! పొద్దున్నే చెంచాడు నానబెట్టిన మెంతులు మింగి, షుగర్ మాత్రలు మానేసేవాళ్ళు ఈ అంకె గుర్తుంచుకోవాలి. పైగా ఆ ఘనతలో మెంతుల జిగురు పీచుకూ పెద్ద వాటానే ఉంది, అంతా సపోనిన్ ఖాతాలో వేయలేం.

జీనోమ్‌వ్యాలీ_నైట్‌షిఫ్ట్:
వ్యాక్సిన్ల పనిలో ఉన్నా. సపోనిన్ మా దగ్గర ఖరీదైన సరుకు. చిలీ దేశంలో క్విల్లాజా అనే చెట్టుంది, అక్కడివాళ్ళు దాని బెరడుతో ఉతుక్కునేవాళ్ళు. ఆ బెరడులోంచి తీసే క్యూఎస్-21ని వ్యాక్సిన్‌లో కలిపితే రోగనిరోధక శక్తి బాగా మేల్కొంటుంది. 2017లో అమెరికాలో అనుమతి పొందిన సర్పి (షింగిల్స్) వ్యాక్సిన్ షింగ్రిక్స్‌లో ఉన్నది అదే. 2023 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఆర్21 మలేరియా వ్యాక్సిన్ పుణెలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్‌లో తయారవుతుంది. అందులో అదే పనికి కలిపే మాట్రిక్స్-ఎం కూడా క్విల్లాజా సపోనిన్లే.

మాస్టారు చెప్పిన చిల్లుల సమస్య మాకూ ఉంటుంది. అందుకే సపోనిన్‌కు ముందుగానే కొలెస్ట్రాల్ కలిపి, సూక్ష్మ కణాలుగా చేసి ఇస్తారు. కడుపు నిండినవాడు పక్క విస్తరి జోలికి పోడు కదా, అలా అది మన కణాల పొరల జోలికి పెద్దగా వెళ్ళదు.

బ్రో_దిల్‌సుఖ్‌నగర్:
అయితే కుంకుడు రసం ఓ గ్లాసు లాగిస్తే ఇమ్యూనిటీ ఫుల్లా అన్నా?

జీనోమ్‌వ్యాలీ_నైట్‌షిఫ్ట్:
వాంతులు ఫుల్లు. ట్రై చేయకు తమ్ముడూ.

మిద్దెతోట_ఉప్పల్:
ఇన్ని సంగతులు వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్సండీ. బాబూ, తొట్టిలో కొత్త చేపలు ఎప్పుడు వేయొచ్చు?

భీమవరం_బాబు:
నీళ్ళు మొత్తం తోడేసి, తొట్టి రుద్ది కడిగి నింపండక్కా. కాస్త తేరుకోనిచ్చి, ముందు ఒకట్రెండు చేపలనే వదిలి చూడండి. ఇకపై కుంకుడు కొట్టే రోజు తొట్టికి పాలిథిన్ పట్టా కప్పి, అది కారడం ఆగాకే తీయండి. బకెట్ మాత్రం అత్తగారి చేతికి ఇవ్వకండి 😄

సికింద్రాబాద్_సుబ్బలక్ష్మి:
చివర్లో వచ్చినందుకు ఏమనుకోకండి. మా ఇంట్లో నాన్నగారికి గొంతు గరగర. మోండా మార్కెట్ నుంచి అతిమధురం తెప్పించుకుని రోజంతా బుగ్గన పెట్టుకుంటారు. అదీ సపోనినేనా? ఆయన బీపీ మాత్రలు వాడతారు.

డైట్_డైరీ:
అమ్మా, ముందు అది ఆపించండి. అతిమధురంలో తీపినిచ్చే గ్లిసరైజిన్ కూడా సపోనినే, కానీ పేగుల్లో అది విడిపోయి దాని భాగం రక్తంలోకి వెళ్తుంది. మూత్రపిండాల్లో కార్టిసాల్ అనే హార్మోన్‌ను అణచి ఉంచే ఎంజైమును అది అడ్డుకుంటుంది. దాంతో ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోయి బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. ఎప్పుడో ఒక ముక్కకు భయం లేదు, రోజూ అంటేనే ప్రమాదం. బీపీ మాత్రల్లో నీరు తీసేది ఉంటే పొటాషియం ఇంకా తగ్గొచ్చు. కాళ్ళ వాపు, నీరసం, పిక్కలు పట్టేయడం ఉన్నాయేమో అడగండి. డాక్టరుకు అతిమధురం సంగతి తప్పకుండా చెప్పండి, అడిగితే తప్ప మనవాళ్ళు ఇలాంటివి చెప్పరు.

సికింద్రాబాద్_సుబ్బలక్ష్మి:
పాదాలు వాచాయి, చెప్పులు పట్టట్లేదని నాలుగు రోజులుగా అంటున్నారు. రేపు పొద్దున్నే తీసుకెళ్తాను. రక్తపరీక్షలో పొటాషియం కూడా చూడమని నేనే అడుగుతాను.