స్ట్రోక్ అంటే కాలూ చెయ్యీ పడిపోవడమేనా? మీ ఇళ్లలో ఎలా వచ్చింది?

శైలజ_కాకినాడ:
నాన్నకి స్ట్రోక్ వచ్చింది. ఎంఆర్‌ఐ రిపోర్టులో 'లెఫ్ట్ ఎంసీఏ' అని రాశారు. కుడి చెయ్యి పూర్తిగా పడిపోయింది, కాలు మాత్రం పట్టుకుంటే నడుస్తున్నారు. మనం చెప్పేది అర్థమవుతుంది, మాటే రాదు. మంచినీళ్లు కావాలన్నా 'అదీ... అదీ...' అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంటారు. అదే మనిషి, పొద్దున్నే నేను విష్ణు సహస్రనామం ఎత్తుకుంటే నాతోపాటు శ్లోకాలకు శ్లోకాలు చెప్పేస్తున్నారు! పక్క మంచం ఆయనకేమో కాలూ చెయ్యీ బానే ఉన్నాయి, రెండు కళ్లకీ ఎడమవైపు సగం చూపు పోయింది. ఇద్దరిదీ ఒకటే జబ్బా?

వైజాగ్_నర్సమ్మ:
జబ్బు ఒకటే శైలజ గారూ, మూసుకున్న రక్తనాళం వేరు. ఏ కాలువ పూడితే దాని కింది మళ్లే ఎండుతాయి కదా. ఎంసీఏ అంటే మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ, మెదడుకి రక్తం తెచ్చే నాళాల్లో ఒకటి. మెదడు ఎడమ సగం ఒంటి కుడివైపుని నడుపుతుంది, అందుకే కుడి చెయ్యి పడిపోయింది. ముఖాన్నీ, చేతినీ నడిపే భాగాలకి రక్తం దాన్నుంచే. చాలామందికి మాట కూడా ఎడమ ఎంసీఏ కిందే ఉంటుంది. కాలిని నడిపే చోటికి రక్తం ఎక్కువగా ముందువైపు నాళం ఏసీఏ (యాంటీరియర్ సెరిబ్రల్ ఆర్టరీ) నుంచి వస్తుంది, అందుకే నాన్నగారికి కాలు కొంత నిలబడింది. పక్కాయనది వెనకవైపు నాళం పీసీఏ (పోస్టీరియర్ సెరిబ్రల్ ఆర్టరీ) అయ్యుంటుంది, చూపు చూసుకునే భాగం అక్కడుంది. చిన్నప్పట్నుంచీ నోటికొచ్చిన శ్లోకాలు, పాటలు, అంకెలు మాట పోయినా మిగలడం మా వార్డులో తరచూ చూస్తాం. స్పీచ్ థెరపిస్టుకి ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

కరీంనగర్_రవి:
మా అత్తమ్మకి కుడి ఎంసీఏ. మాట శుభ్రంగా ఉంది. కంచంలో కుడివైపు అన్నం తిని, ఎడమవైపున్న కూర ముట్టకుండా 'కూర వెయ్యలేదేంది బిడ్డా' అనేది. కంచం తిప్పితే అప్పుడు తినేది. ఎడమ చెయ్యి పడిపోయినా 'నాకేం కాలే, ఇంటికి పోదాం' అని ఒకటే గొడవ. ఇట్లాంటి పేషెంటు మాట విని ఆగిపోతే పుణ్యకాలం కాస్తా గడిచిపోతది. పేషెంటును అడగొద్దు, మీ కళ్లతో చూడుండ్రి.

సుబ్బారావు_తెనాలి:
నాకు వచ్చింది వెనక మెడలోంచి వెళ్లే వర్టిబ్రల్ ఆర్టరీలో. కాలూ చెయ్యీ పడిపోలేదు, మూతి వంకర పోలేదు. తల గిర్రున తిరగడం, వాంతులు, ఆగని ఎక్కిళ్లు, గొంతు బొంగురు, మింగితే పొలమారడం. నిలబడితే కుడివైపుకి ఒరిగిపోయేవాణ్ణి. మొదట వెళ్లిన చోట గ్యాస్ అని ఇంజెక్షన్ చేసి పంపేశారు. సీటీ స్కాన్‌లోనూ ఏమీ లేదన్నారు, మర్నాడు ఎంఆర్‌ఐలో బయటపడింది. ఇప్పటికీ ముఖానికి కుడివైపు, ఒంటికి ఎడమవైపు వేడి తెలియదు. స్నానానికి నీళ్లు మా ఆవిడ చెయ్యి పెట్టి చూశాకే పోసుకుంటాను.

వైజాగ్_నర్సమ్మ:
సుబ్బారావు గారిలాంటి వాళ్లే ఎక్కువగా తప్పిపోతారు, నాకు బాధ అక్కడే. మూతి, చెయ్యి, మాట చూడమని అందరికీ నేర్పుతున్నాం. దానితోపాటు బ్యాలెన్స్, చూపు కూడా చూడాలి. ఉన్నట్టుండి తల తిరిగి, పట్టు లేకుండా కూర్చోలేకపోయినా నిలబడలేకపోయినా, ఒకటి రెండుగా కనిపించినా స్ట్రోకేమో అని అడగండి. మొదటి గంటల్లో సీటీలో కనపడకపోవచ్చు, వెనక భాగంలో మరీను.

108కి ఫోన్ చేసేటప్పుడు మనిషి చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకో చెప్పండి. నాళంలో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి మామూలుగా 4.5 గంటలే గడువు. పెద్ద నాళం మూసుకుంటే తొడ దగ్గర్నుంచి గొట్టం పంపి గడ్డను లాగేస్తారు, స్కాన్ చూసి కొందరికి 24 గంటల దాకా కూడా చేస్తారు.

డల్లాస్_మాధవి:
మా అమ్మది ఏసీఏ. ఎడమ కాలు ఒక్కటే లాగేసింది, చెయ్యి బాగుంది. అంతకంటే మమ్మల్ని కుంగదీసింది మౌనం. అడిగితే ఒక్క ముక్క, లేదంటే గోడకేసి చూస్తూ కూర్చోవడం, బట్టల్లోనే యూరిన్ పోవడం. ఫోన్‌లో చూసి దిగులు అనుకున్నాం. చొరవ పుట్టే భాగమే దెబ్బతిందని తర్వాత న్యూరాలజిస్ట్ వివరంగా చెప్పారు.

కరీంనగర్_రవి:
మా దిక్కు ముందుగాల పసరు తాగిస్తరు. ఏం చెప్పాలె మేడం?

వైజాగ్_నర్సమ్మ:
మింగడం సరిగ్గా ఉందో లేదో ఆసుపత్రిలో చూసేదాకా పసరు, మంచినీళ్లు, మాత్ర ఏదీ నోట్లో పెట్టొద్దని చెప్పండి రవి గారూ. ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. ఆస్పిరిన్ కూడా వద్దు. నాళం మూసుకుందో చిట్లిందో స్కాన్ తీస్తేనే తెలుస్తుంది, చిట్లినవాళ్లకి ఆస్పిరిన్ వేస్తే రక్తస్రావం ఇంకా పెరగొచ్చు.