పిల్లల్ని నాన్న నావ మీద చేపలకి తీసుకెళ్దామనుకుంటున్నా, ఏ సెలవులకైతే మంచిది?

గౌతమి ఒడ్డు

అందరికీ నమస్కారమండి. మాది ఎదుర్లంక దగ్గర ఊరు, యానాం బ్రిడ్జి మా రేవులోంచి కనపడుద్ది, ఇప్పుడు జాబ్ వల్ల హైదరాబాద్‌లో ఉంటున్నాం. చిన్నప్పుడు స్కూల్ లేదంటే అమ్మానాన్నలతో నావ మీదే ఉండేవాణ్ణి, అమ్మ వెనకాల కూర్చుని తెడ్డేస్తుంటే నాన్న ముందు నుంచుని వల వదిలేవాడు, ఇద్దరి మధ్యా మాట కూడా ఉండేది కాదు, నాన్న చెయ్యి ఎటు తిప్పితే అమ్మ నావని అటు తిప్పేసేది. నా పని అడుగున ఊరే నీళ్ళు డబ్బాతో తోడిపొయ్యడం, వల లాగాక చేపలు విప్పడం. తోక పట్టుకుని వెనక్కి లాగితే మొప్పల్లో దారం ఇంకా బిగుసుకుపోద్ది, వలా తెగుద్ది చేపా నలిగిపోద్ది, అందుకే తల మీంచి దారం సడలించి ముందుకి తియ్యాలని నాన్న నా వేళ్ళు పట్టుకుని నేర్పించాడు.

ఇప్పుడాయనకి మోకాళ్ళ నొప్పులు, అయినా నావ అమ్మనంటాడు. మా పిల్లలు ఇద్దరూ పదేళ్ళలోపు వాళ్ళు, చేపల పులుసు ఇష్టంగా తింటారు గానీ వలలో చేప ఎలా ఉంటదో చూడలేదు. తాతతో కలిసి ఒక్కసారైనా నావ ఎక్కాలి, ఆయన ఓపిక ఉండగానే. దసరాకా, సంక్రాంతికా, వేసవి సెలవులకా? పిల్లలకి ఏం పని చెప్పాలి? మీ ఇళ్ళల్లో ఎలా జరిగేదో కూడా రాయండి.

కోటిపల్లి రేవు

సంక్రాంతికే పెట్టుకోండి అన్నయ్యా, ఇంకో ఆలోచన వద్దు. దసరాకి ఏటిలో లాగుడు పూర్తిగా తగ్గదు, పైగా అక్టోబరు నవంబరు తుపాన్ల టైము. వరదలో ఎర్రనీళ్ళు వచ్చినప్పుడైతే అసలు పిల్లల ఊసే ఎత్తకూడదు. పులసల కోసం మా చిన్నాన్న, నేనూ రాత్రంతా నావ మీదే ఉండేవాళ్ళం, సముద్రంలోంచి గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతా వస్తది కదా ఆ చేప, మనం కూడా ఆ వరదలోనే వల పట్టుకుని కూర్చోవాలి, చెట్లు కొట్టుకొస్తుంటాయి, దుంగ ఏదన్నా వలలో పడిందంటే వల పోయినట్టే. అలాంటి రాత్రుళ్ళలో చిన్నాన్న నన్ను నిద్రపోనిచ్చేవాడు కాదు, దుంగ కనపడగానే అరవడమే నా డ్యూటీ. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, వరద వచ్చిందంటే మాత్రం నాకు ఆయన గొంతే వినపడుద్ది.

మీకు తెలిసిందే అయినా చెప్తున్నా, అమావాస్యకీ పున్నానికీ దగ్గర్లో పోటూ పాటూ, అదే సముద్రం నీళ్ళు ఏట్లోకి ఎక్కడం దిగడం, జోరుగా ఉంటాయి, అష్టమి దగ్గర రోజులు చూసుకుంటే నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి. మంచు విడిచాకే బయల్దేరండి. ఇంకోటి, జెల్ల చేప పడితే పిల్లల్ని ముట్టుకోనివ్వకండి, ఆ ముల్లు గుచ్చుకుంటే పెద్దోళ్ళే ఏడుస్తారు. మా అమ్మ వెంటనే ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో చెయ్యి పెట్టించేది, నొప్పి నిజంగానే తగ్గేది.

పెదజాలారిపేట

మాది వైజాగ్, సముద్రం. మా అయ్య తెప్ప మీద ఎళ్ళీవోడు, తర్వాత ఫైబర్ బోటు. గుంటల్ని, అదే పిల్లల్ని, మొదట్లో ఎక్కించీవోళ్ళు కాదు, ఒడ్డునే పెద్దవల తాడు లాగడం, కవళ్ళూ కానాగడతలూ లాంటి చేపలు ఏరి వేరుచెయ్యడం, అమ్మతో గంప దగ్గర కూర్చోడం, అలా కొన్నేళ్ళు గడిచాకే బోటు. నన్ను మొదట ఎక్కించిన రోజు అయ్య గేలం ఇవ్వలేదు, ఒడ్డుకేసి తిరిగి కూర్చోమన్నాడు. యారాడ కొండ కొస ఎక్కడుంది, కైలాసగిరి వెనకాల ఏ కొండ కలుస్తోంది, అటొక లైను ఇటొక లైను, రెండూ కలిసిన చోటే కింద రాళ్ళున్నాయి, అక్కడే చేప. అలాంటి చోట్లు ఆయనకి ఎన్ని తెలుసో నాకిప్పటికీ తెలీదు. హుద్‌హుద్ తుపానులో, 2014 అక్టోబరు 12న, బోటు ముక్కలైపోయింది, కొత్త బోటుకి జీపీఎస్ పెట్టుకున్నాం, అయినా నేను కొండలు చూస్తాను. మా అబ్బాయికీ అదే చూపిస్తున్నాను, ఎందుకంటే అది మా అయ్య ఇచ్చిన ఆస్తి.

వేసవి సెలవుల్లో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మా ఇంజను బోట్లకి వేట నిషేధం, మీ ఏటి నావకి అది అడ్డు కాదనుకోండి. లైఫ్ జాకెట్లు మాత్రం పిల్లల సైజువి కొనండి, పెద్దోళ్ళవి వేస్తే నీళ్ళల్లో జారిపోతాయి.

సిక్కోలు సముద్రం

అన్నా మీరు అదృష్టవంతులు, నావ ఉంది, నాన్న ఉన్నారు. మా ఊళ్ళో చాలామంది ఆగస్టులో గుజరాత్ వెరావల్ వెళ్ళిపోయి ఎండాకాలానికి వస్తారు, తండ్రీ కొడుకూ ఒకే బోటెక్కినా అది వేరేవాళ్ళ బోటు, జీతం పని. అలా వెళ్ళి 2018లో పాకిస్తాన్ వాళ్ళకి చిక్కినవాళ్ళు చాలామంది 2020 జనవరిలో గానీ తిరిగిరాలేదు, అందులో మా శ్రీకాకుళం జిల్లా వాళ్ళే ఎక్కువ. సంక్రాంతి దాకా ఆగొచ్చు, కానీ వచ్చే ఏడాదికి మాత్రం వాయిదా వెయ్యకండి. తాత మాట్లాడుతుంటే ఫోన్లో రికార్డు చెయ్యండి, వల అల్లడం గురించి మా తాత చెప్పినవన్నీ ఇప్పుడు అడుగుదామంటే ఎవరూ లేరు.

గౌతమి ఒడ్డు

అందరికీ చాలా థాంక్సండి. ఇందాకే నాన్నకి ఫోన్ చేశాను, సంక్రాంతి అనగానే అష్టమి ఎప్పుడొచ్చిందో చూస్తానని ఆయనే అన్నాడు. నావకి ముందు తారు పూయించాలంట, రెండు చోట్ల నీళ్ళు వస్తున్నాయంట, మేస్త్రీకి డబ్బులు పంపిస్తున్నా. అమ్మ ఫోన్ లాక్కుని తెడ్డు నేనే వేస్తానంటోంది. పెద్దాడికి నీళ్ళు తోడే పని, చిన్నదానికి చిన్న చేపలు ఏరే పని అనుకుంటున్నా, జెల్లలు తీసేశాకే. జాకెట్ల సంగతి చెప్పినందుకు స్పెషల్‌గా థాంక్స్ అన్నా, ఈ ఆదివారం వెళ్ళి పిల్లలకి వేసి చూసే కొంటాను.