బూతు వీడియోలు ఫోన్లోనే ఆగిపోతాయా, బయట ఆడవాళ్ల దాకా వస్తాయా?

బరంపురం టీచర్
డిగ్రీ కుర్రాళ్లకు ట్యూషన్ చెబుతాను. వీడియోలు చూడటం పాపమా కాదా అన్న గొడవ నాకు వద్దు. అలవాటుగా చూసేవాళ్లకు ఇంట్లో, బస్సులో, ఆఫీసులో ఉండే ఆడవాళ్ల మీద గౌరవం తగ్గుతుందా లేదా, అదొక్కటే నా ప్రశ్న. తగ్గుతుందనే నేనంటాను.

అమెరికాలో బాగా అమ్ముడుపోయిన వీడియోల్లోంచి 304 సన్నివేశాలు తీసి చూశారు, 2010లో అచ్చయింది ఆ పరిశోధన. 88 శాతం సన్నివేశాల్లో కొట్టడమో, జుట్టు పట్టి లాగడమో, గొంతు నొక్కడమో ఉంది, దెబ్బలు తినేది దాదాపుగా ఆడమనిషే. అంతకంటే భయపెట్టేది ఇంకోటి: ఆ దెబ్బలకు ఆమె చాలాసార్లు సంతోషపడుతున్నట్టో, ఏమీ పట్టనట్టో ఉంటుంది. అంటే ఆడమనిషి వద్దంటే ఎలా ఉంటుందో, వద్దన్నాక మగవాడు ఆగిపోవడం ఎలా ఉంటుందో చూసేవాడికి ఎక్కడా కనపడదు. ఏ అనుభవమూ లేని కుర్రాడు ఇదే నేర్చుకుంటే, రేపు కిక్కిరిసిన బస్సులో పక్కమ్మాయి భయంతో బిగుసుకుపోతే దాన్ని ఒప్పుకోవడం అనుకోడా?

సూరత్‌లో ఛత్రపురం వాసి
టీచర్ గారూ, ఒడిశాలోని మా గంజాం జిల్లా నుంచి ఎంతమంది ఇక్కడ పవర్‌లూమ్‌లలో ఉన్నారో మీకు తెలుసు. మెస్‌లో ఒకే గదిని పగలు షిఫ్టు వాళ్లూ రాత్రి షిఫ్టు వాళ్లూ వంతులేసుకుని పడుకుంటాం, భార్యాపిల్లలు ఊళ్లో, మళ్లీ పండక్కో పెళ్లికో గానీ ఇంటి మొహం చూడం. ఆ ఒంటరితనంలో ఫోన్ చూస్తాం, దాచడం ఎందుకు. కానీ నేను ఏ ఆడమనిషితోనూ ఒక్క తప్పు మాట మాట్లాడలేదు. డెన్మార్క్‌లో 1969లో బూతు బొమ్మల మీద నిషేధం ఎత్తేసినప్పుడు అందరూ భయపడ్డట్టు అక్కడ రేప్ కేసులు ఎగబాకలేదు. చూసినవాళ్లందరినీ ఒకే గాటన కట్టెయ్యకండి.

పర్లాకిమిడి మొబైల్ షాపు
అన్నయ్య చెప్పినదాంట్లో నిజముంది. మా మహేంద్రతనయ నదికి ఇవతల ఉన్నా అవతల పాతపట్నంలో ఉన్నా, ఆడపిల్లల మీద కామెంట్లు చెయ్యడం ఫోన్లు రాకముందు నుంచీ ఉంది. కాకపోతే 2016కి ముందు మెమరీ కార్డులో పాటలతో పాటు ఇవి కూడా దొంగచాటుగా ఎక్కించుకునేవాళ్లు, షాపువాడిని అడగడానికైనా కొంచెం సిగ్గుపడాల్సి వచ్చేది. జియో వచ్చి డేటా చవకయ్యాక ఆ సిగ్గు అవసరం లేకుండా పోయింది. నిషేధం సంగతంటారా, 2015లో కేంద్రం 857 సైట్లు ఆపమని చెప్పి కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది, 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు గట్టిగా అడిగాక మళ్లీ 827 సైట్లు ఆపించారు. ఆపేసిన సైట్లను కూడా తెరిపించే వీపీఎన్ ఎలా పెట్టుకోవాలో మా వీధిలో అందరికీ తెలుసు.

రాయగడ నర్స్
మీరు ముగ్గురూ బస్సు, వీధి, రేప్ కేసులు అంటున్నారు. నేను ఇంటి లోపలి సంగతి చెబుతాను, ఎందుకంటే ఆడవాళ్లు మా దగ్గర తలుపు వేసుకుని చెప్పేది అదే. వలస నుంచి వచ్చిన భర్త ఫోన్ ముందు పెట్టి ఇలాగే చెయ్యమంటాడు. నొప్పి అంటే, ఇందులో ఉన్నావిడకి లేని నొప్పి నీకెక్కడిది అంటాడు. ఏడిస్తే నీకేమీ రాదంటాడు. ఆ మనిషి బయట ఎంతో మర్యాదస్తుడు కావచ్చు, ఛత్రపురం అన్నయ్యలాగే ఎవరితోనూ తప్పు మాట మాట్లాడకపోవచ్చు, కానీ అతని మర్యాద పరాయి ఆడవాళ్లకేనా? నేరాల లెక్కల్లో ఇవి రావు. ఫిర్యాదు ఇవ్వరు కదా, ఏమని ఇస్తారు.

ఇవ్వొచ్చని కూడా చాలామందికి తెలీదు. 2005 గృహహింస చట్టం కింద ఫిర్యాదు రాసుకునే ఫారంలో ‘బూతు బొమ్మలు చూడమని బలవంతపెట్టడం’ అని ఒక గడి స్పష్టంగా ఉంది. 181కి ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్లాలో చెబుతారు.

కోర్టు పనుల కోరాపుట్
నర్స్ అక్క మాటకి ఒకటి కలుపుతాను. ఒక ఆడమనిషికి ఇష్టం లేకుండా ఇలాంటివి చూపిస్తే భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ కింద లైంగిక వేధింపు, మూడేళ్ల దాకా జైలు. పెద్దవాళ్లు ఒంటరిగా పెద్దవాళ్ల వీడియో చూసుకోవడం మన దేశంలో నేరం కాదు. పిల్లలతో తీసిన బూతు వీడియోలు మాత్రం చూడటమే నేరం, 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు అనుమానం లేకుండా చెప్పింది.

పర్లాకిమిడి మొబైల్ షాపు
మరి ఊళ్లో అమ్మాయి వీడియో అని గ్రూపుల్లో తిరిగేవి? అసలు పెద్ద జబ్బు అది. పైగా అది ఆ అమ్మాయిది కూడా కాకపోవచ్చు, మొహం మార్చి పెడుతున్నారు. దానికి ఆ పిల్ల చదువు మాన్పించేస్తారు, పంపించినవాడు మాత్రం బజార్లో టీ తాగుతుంటాడు.

బరంపురం టీచర్
అవును బాబూ. ఎవరికైనా అలా జరిగితే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి, లేదా కేంద్ర సైబర్ క్రైమ్ పోర్టల్లో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. స్క్రీన్‌షాట్ దాచుకోండి, భయంతో అన్నీ చెరిపెయ్యకండి.

ఛత్రపురం తమ్ముడూ, నిన్ను ఒకే గాటన కట్టలేదు. డెన్మార్క్‌లో అప్పటి బొమ్మలు వేరు, ఇప్పుడు పదమూడేళ్ల పిల్లాడి చేతిలో ఉన్నది వేరు. నేరం చెయ్యకపోతే గౌరవం ఉన్నట్టేనని మాత్రం నేను ఒప్పుకోను. నర్స్ గారు చెప్పిన ఆ ఇళ్లలో భార్యను అడిగేవాళ్లు ఎవరున్నారు?

సూరత్‌లో ఛత్రపురం వాసి
టీచర్ గారూ, నర్స్ అక్క మాట చదివి చాలాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. మా మెస్‌లో కొత్తగా పెళ్లైన కుర్రాళ్లు నలుగురున్నారు, దసరాకి ఊరెళ్తారు. వాళ్లకి ఈ సంగతి ఎవరు చెప్పాలి? మేస్త్రీ చెప్పడు, ఇంట్లో పెద్దవాళ్లు నోరెత్తరు. చూడటం మానెయ్యమంటే నవ్వుతారు. భార్య వద్దంటే ఆగమని చెబితే వింటారేమో, అది నేను చెప్పగలను. ఆ ఫారం సంగతి ఒడియాలో ఎక్కడైనా రాసి ఉంటే పంపండి, వాళ్లలో ఇద్దరికి తెలుగు చదవడం రాదు.